పెంపుడు కుక్కల చర్మవ్యాధులు, చికిత్స: సైదాబాద్ (హైదరాబాద్)

పెంపుడు కుక్కల చర్మానికి సోకే జబ్బులు ముఖ్యంగా నాలుగు. బాక్టీరియా వల్ల వచ్చే చీము పొక్కులు ఒకటి. ఈస్టు వల్ల వచ్చే జిడ్డు, దురద రెండోది. మూడోది తామర. నాలుగోది కంటికి ఆనని మైట్లు తెచ్చే గజ్జి. ఇళ్లలో మాత్రం నాలుగింటికీ కలిపి ‘కుక్కకు గజ్జి పట్టింది’ అనేస్తారు. మెడికల్ షాపులో అడిగేటప్పుడు కూడా ఆ మాటే చెబుతారు, చికిత్స సగం అక్కడే దారి తప్పుతుంది. తామరకు ఇచ్చే మందు గజ్జికి పనిచేయదు. గజ్జి దురద తగ్గించడానికి పూసే స్టెరాయిడ్ తామరను ఒళ్లంతా పాకిస్తుంది. హైదరాబాద్‌లో మూసీకి దక్షిణాన, మలక్‌పేట, చంపాపేట, సంతోష్‌నగర్, మాదన్నపేటల నడుమ ఉన్న సైదాబాద్‌ను ఆధారంగా తీసుకుని ఈ జబ్బులను, వాటి చికిత్సను ఈ వ్యాసం వివరిస్తుంది.

చర్మం, వాతావరణం

మనిషి చర్మపు పై పొరలో పది పదిహేను వరసల కణాలుంటాయి. కుక్కకు బొచ్చున్న చోట మూడు నుంచి అయిదు వరసలే. మన చర్మానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది, దాని పిహెచ్ 5.5 దగ్గర. కుక్క చర్మం తటస్థానికి చేరువగా ఉంటుంది, బాక్టీరియాకు అది అనుకూలమైన చోటు. ఒక్కో రంధ్రంలోంచి వెంట్రుకలు గుత్తిగా వస్తాయి కాబట్టి వెంట్రుక కూపంలోకి క్రిములు దిగడం తేలిక. పై పొర పూర్తిగా మారడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. మందు మొదలుపెట్టిన నాలుగో రోజుకే ‘తగ్గలేదే’ అని డాక్టరును మార్చేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. మనం వాడే సబ్బు, షాంపూ కుక్కకు పనికిరాకపోవడానికి కారణం కూడా మన చర్మానికీ కుక్క చర్మానికీ ఉన్న తేడాలోనే ఉంది.

హైదరాబాద్‌లో ఏడాది వర్షపాతం దాదాపు 800 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మేలో నలభై డిగ్రీలు దాటిన ఎండ నుంచి నగరం ఒక్కసారిగా ఉక్కపోతలోకి వస్తుంది. తడిసిన బొచ్చు రోజంతా ఆరదు. సైదాబాద్‌లో పాత ఇళ్లూ, కొత్త అపార్టుమెంట్లూ పక్కపక్కనే ఉంటాయి. పాత గోడల పగుళ్లలో పిడుదులు కాపురం పెడతాయి. అపార్టుమెంట్లో కుక్కకు ఎండ తగలదు, సోఫాల్లో, పరుపుల్లో దుమ్ము పురుగులు పెరుగుతాయి. ఏ ఇంటి కుక్కకు ఏ జబ్బు రావచ్చో ఇల్లు చూసి కొంత ఊహించవచ్చు. ఊహ మాత్రమే, నిర్ధారణ కాదు.

చీము పొక్కులు

కుక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే చర్మపు ఇన్ఫెక్షన్ ఇదే. వైద్యులు దీన్ని పయోడెర్మా అంటారు. కారణం దాదాపు ఎప్పుడూ స్టెఫైలోకాకస్ సూడింటర్‌మీడియస్ అనే బాక్టీరియా. దీన్ని వేరే జాతిగా గుర్తించింది 2005లోనే. అంతకుముందు ప్రయోగశాలలు దీన్ని స్టెఫైలోకాకస్ ఇంటర్‌మీడియస్‌గా రాసేవి. ఇది బయటి నుంచి వచ్చి పడే క్రిమి కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ముక్కులో, నోట్లో, మలద్వారం చుట్టూ మామూలుగానే ఉంటుంది. చర్మం ఏ కారణంగానైనా బలహీనపడిన రోజున పొక్కుగా లేస్తుంది.

అందుకే చీము పొక్కులను అసలు జబ్బుగా తీసుకోవడం పొరపాటు. ఏదో ఒక మూల కారణం ముందుంటుంది, బాక్టీరియా దాని వెనకే వస్తుంది. యాంటీబయాటిక్‌తో పొక్కులు మానతాయి, మందు ఆపిన నెలకో రెండు నెలలకో మళ్లీ వస్తాయి. ఇలా ఏడాదికి మూడు నాలుగు సార్లు అయ్యాక యజమాని ‘దీని రక్తం చెడింది’ అంటాడు. చెడింది రక్తం కాదు, ఎవరూ వెతకని మూల కారణం అలాగే ఉండిపోయింది.

ఆ కారణాల్లో మొదట చూడాల్సింది అలెర్జీ. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పగ్, షిట్జు, జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో అలెర్జీ వల్ల వచ్చే అటోపిక్ డెర్మటైటిస్ ఎక్కువ. ఇది చాలావరకు ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య వయసులో మొదలవుతుంది. కుక్క పాదాలు నాకుతూ ఉంటుంది, చెవులు విదిలిస్తుంది, ముఖాన్ని తివాచీకి రుద్దుతుంది, పొట్ట ఎర్రబడుతుంది. ఇంటి దుమ్ములోని పురుగులే దీనికి పెద్ద కారణం. నడుము చివర, తోక మొదట్లో మాత్రమే బొచ్చు ఊడి కొరుక్కుంటూ ఉంటే ముందు అనుమానించాల్సింది ఫ్లీలను. ఇవి బొచ్చులో పరుగెత్తి దూకే చిన్న గోధుమరంగు పురుగులు. తడిపిన తెల్ల కాగితం మీద కుక్క బొచ్చు దువ్వితే నల్లటి నలుసులు పడతాయి, కాసేపటికి వాటి చుట్టూ ఎర్రగా చెమ్మ వ్యాపిస్తుంది. ఫ్లీలు తాగిన రక్తం అది.

ఆహారపు అలెర్జీని తేల్చుకునే రక్తపరీక్ష నమ్మదగినది లేదు. కుక్క అంతకుముందు తినని ఒకే మాంసం, ఒకే పిండిపదార్థం కనీసం ఎనిమిది వారాలు పెట్టి, తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. కాగితం మీద ఇది సులువైన పరీక్ష. ఉమ్మడి కుటుంబంలో మాత్రం నాయనమ్మ చాయ్‌లో ముంచిన బిస్కెట్ ఒకటి వేస్తుంది, పిల్లలు చికెన్ ముక్క వేస్తారు, వాచ్‌మన్ రొట్టె పెడతాడు. ఎనిమిది వారాల శ్రమ అక్కడితో సరి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పకుండా ఈ పరీక్ష మొదలుపెట్టడం వృథా.

ముసలి కుక్కలో దురద పెద్దగా లేకుండా పొక్కులు మళ్లీ మళ్లీ వస్తుంటే థైరాయిడ్ తక్కువగా ఉందేమో, కుషింగ్స్ జబ్బు ఉందేమో చూస్తారు. కుషింగ్స్ ఉన్న కుక్క నీళ్లు విపరీతంగా తాగుతుంది, పొట్ట జారుతుంది, బొచ్చు రెండు పక్కలా సమానంగా పలచబడుతుంది.

పొక్కుల రూపాలు చాలా. కుక్కపిల్లలకు పొత్తికడుపు మీద చిన్న చీము గుల్లలు లేస్తాయి, కొన్ని వాటంతటవే మానతాయి. పెద్దవాటిలో గుల్ల పగిలి గుండ్రటి పొలుసుల వలయం మిగులుతుంది. తామర అని చాలామంది పొరబడేది ఈ వలయాన్నే. పగ్‌కు ముక్కు మీది ముడతల్లో తేమ నిలిచి పుండు అవుతుంది. వానలో తడిసిన జర్మన్ షెపర్డ్‌కో, గోల్డెన్‌కో ఉదయం లేని పచ్చిపుండు సాయంత్రానికి అరచేయంత అయిపోతుంది. దీన్ని హాట్‌స్పాట్ అంటారు, పైపైన వచ్చేదే, బొచ్చు కత్తిరించి శుభ్రం చేస్తే త్వరగానే మానుతుంది. కాలివేళ్ల మధ్య లోతుగా గడ్డలు కట్టి నెత్తురు, చీము కారడం వేరే సంగతి, దానికి వారాలు పడుతుంది.

పరీక్షలు

గ్లాసు పలక, సెల్లోటేపు, మైక్రోస్కోపు ఉంటే సగం నిర్ధారణ అయిపోతుంది. టేపును చర్మానికి అంటించి, రంగు వేసి చూస్తే గుండ్రటి బాక్టీరియా కనిపిస్తుందో, వేరుశనగ కాయ ఆకారంలో ఈస్టు కనిపిస్తుందో పది నిమిషాల్లో తెలుస్తుంది. మైట్ల కోసం చర్మాన్ని పిండి, కొద్దిగా నెత్తురు చెమర్చేదాకా బ్లేడు మొద్దు అంచుతో గీకి చూస్తారు. కుక్కను బల్ల మీద చూసి అయిదు నిమిషాల్లో ఇంజెక్షన్ ఇచ్చి పంపే చోట ఈ పని జరగదు. చర్మపు జబ్బుకు డాక్టరును ఎంచుకునేటప్పుడు టేపు పెట్టి చూశారా, గీకి చూశారా అన్నదే అన్నిటికన్నా మంచి కొలత అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రెండు వారాల సరైన యాంటీబయాటిక్‌కు లొంగకపోతే, లేదా కుక్కకు అంతకుముందు పలుసార్లు యాంటీబయాటిక్ వాడి ఉంటే క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష చేయించాలి. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్ సూడింటర్‌మీడియస్ ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. మెకా అనే జన్యువు ఉన్న ఈ రకానికి కుక్కలకు మామూలుగా వాడే సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ రెండూ పనిచేయవు.

స్నానమే ముందు మందు

గత పదిహేనేళ్లలో కుక్క చర్మవైద్యంలో వచ్చిన పెద్ద మార్పు మాత్రల నుంచి స్నానానికి మళ్లడం. పెంపుడు జంతువుల అంటువ్యాధుల అంతర్జాతీయ సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు పైపూతకు పెద్దపీట వేశాయి. 2025లో వచ్చిన కొత్తవి ఇంకా స్పష్టంగా ఉన్నాయి: పైపైన ఉండే పొక్కులకు క్రిమిసంహారక స్నానం ఒక్కటే మొదటి చికిత్స, మాత్రలు లోతైన వాటికో, స్నానం కుదరని వాటికో మాత్రమే. మెథిసిలిన్‌కు లొంగని క్రిమి అయినా క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకానికి సాధారణంగా లొంగుతుంది.

క్లోర్‌హెక్సిడిన్ రెండు నుంచి నాలుగు శాతం ఉన్న షాంపూతో వారానికి రెండు మూడు సార్లు స్నానం చేయించాలి. నురగ చర్మానికి తగిలి పది నిమిషాలు ఉండాలి. దట్టమైన బొచ్చున్న షిట్జుకు ముందు జుట్టు కత్తిరించకపోతే మందు చర్మాన్ని చేరదు. పది నిమిషాలు అని చెబితే చాలామంది మూడు నిమిషాల్లో కడిగేస్తారు, కుక్క వణుకుతోందని జాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడమే మందు. ముందు మామూలు సబ్బు రుద్ది, దాన్ని పూర్తిగా కడగకుండా పైన మందు షాంపూ వేస్తే సబ్బు క్లోర్‌హెక్సిడిన్‌ను నిర్వీర్యం చేస్తుంది. కళ్లలో పడనీయకూడదు. కర్ణభేరి చిరిగి ఉంటే లోపలి చెవికి హాని కాబట్టి చెవిలో పోయకూడదు.

సైదాబాద్ ఇళ్లలో ఈ స్నానానికి నీళ్లే పెద్ద అడ్డంకి. నల్లా రోజూ రాదు, మిగతా రోజులు బోరు నీళ్లే గతి, ఆ ఉప్పు నీళ్లలో నురగ సరిగా రాదు. బకెట్టులో పట్టిపెట్టిన నల్లా నీళ్లు ఆఖరున ఒళ్లంతా కడగడానికి వాడుకుని, ముందు తడపడానికి బోరు నీళ్లు వాడేవాళ్లున్నారు. అది తెలివైన పద్ధతే. నీళ్లు మరీ కొరతగా ఉన్న వారం క్లోర్‌హెక్సిడిన్ వైప్స్‌తోనో స్ప్రేతోనో చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు తుడిచినా ప్రయోజనం ఉంటుంది. స్నానం తర్వాత టవల్‌తో అద్ది పొడిగా ఆరబెట్టాలి, లేకపోతే కడిగిన ఫలితం ఉక్కపోతలో పోతుంది.

మాత్రలు తప్పనిసరి అయితే మొదటి వరసలో సెఫలెక్సిన్, క్లిండమైసిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఉంటాయి. సెఫలెక్సిన్ కిలో బరువుకు 15 నుంచి 30 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండు పూటలు ఇస్తారు. పైపొర జబ్బుకు రెండు వారాలకు, లోతైన దానికి మూడు వారాలకు కుక్కను మళ్లీ చూపించి, ఆపాలో సాగించాలో తేల్చుకోవాలి. ఎన్రోఫ్లాక్సాసిన్ వంటివి కల్చర్ చూడకుండా మొదలుపెట్టవలసినవి కావు.

ఈస్టు, తామర

చెవుల్లో ముక్క వాసన, మెడ కింద, చంకల్లో నల్లబడి ఏనుగు తోలులా మందమైన చర్మం, జిడ్డు: ఇవి మలసీజియా పాకిడెర్మాటిస్ ఆనవాళ్లు. ఈ ఈస్టును మొదట వర్ణించింది కుక్క మీద కాదు. 1925లో వైడ్‌మన్ ఒక భారతీయ ఖడ్గమృగం చర్మం నుంచి వేరుచేశాడు. ఇది కూడా కుక్క ఒంటి మీద మామూలుగా ఉండేదే, అలెర్జీ వల్ల తేమ, జిడ్డు పెరిగినప్పుడు విజృంభిస్తుంది. మికోనజోల్ రెండు శాతం, క్లోర్‌హెక్సిడిన్ రెండు శాతం కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు స్నానం దీనికి బాగా నిరూపణ అయిన చికిత్స.

తామర మాత్రం నిజంగా అంటుకునే జబ్బు. మైక్రోస్పోరమ్ కానిస్ అనే శిలీంధ్రం ఎక్కువగా ఉండేది పిల్లుల్లో. పక్కనున్న పాతబస్తీలో పిల్లులను, అందులోనూ బొచ్చు పర్షియన్ పిల్లులను పెంచే ఇళ్లున్నాయి. పిల్లిలో పైకి ఏమీ కనిపించకపోవచ్చు, కుక్కపిల్లకూ, ఇంట్లో చిన్నపిల్లలకూ గుండ్రటి మచ్చలు లేస్తాయి. చీకట్లో ఉడ్స్ లాంప్ వెలుగు పడితే ఈ శిలీంధ్రం పట్టిన వెంట్రుకలు లేత ఆకుపచ్చగా మెరుస్తాయి. మిగతా రకాల తామర సాధారణంగా ఇలా మెరవదు కాబట్టి మెరవనంత మాత్రాన తామర లేదనుకోకూడదు. ఇట్రాకనజోల్ లోపలికి, మికోనజోల్-క్లోర్‌హెక్సిడిన్ లేదా సున్నం-గంధకపు ద్రావణం పైకి వాడతారు. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే ఈ గంధకపు ద్రావణం వెండి నగలను నల్లబరుస్తుంది, కడిగేటప్పుడు పట్టీలు, ఉంగరాలు తీసేయాలి. రాలిన వెంట్రుకల్లో బీజాలు నెలల తరబడి బతుకుతాయి, ఇల్లు ఊడ్చి కడగడం, దుప్పట్లు ఉతకడం చికిత్సలో భాగమే.

గజ్జి పురుగులు, పిడుదులు

సార్కాప్టెస్ మైటు తెచ్చే గజ్జి చెవి అంచులు, మోచేతులు, వెనక కాలి మడమల దగ్గర మొదలవుతుంది. చెవి అంచును వేళ్లతో రుద్దితే కుక్క వెనక కాలు గోక్కుంటున్నట్టు కదులుతుంది. ఇది మంచి సూచన. గీకినప్పుడు ఈ మైటు తరచూ దొరకదు, అందుకే అనుమానం బలంగా ఉంటే దొరక్కపోయినా చికిత్స చేస్తారు. కుక్కను ఎత్తుకునే మనుషులకు చేతుల మీద, పొట్ట మీద దురద దద్దుర్లు వస్తాయి. కుక్కకు నయమైతే అవీ తగ్గిపోతాయి.

డెమోడెక్స్ మైటు వేరు. తల్లి పాలు తాగే తొలి రోజుల్లోనే కుక్కపిల్లలకు చేరి, వెంట్రుక కూపాల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. రోగనిరోధకశక్తి తగ్గిన పిల్లల్లో పెరిగి బొచ్చు ఊడుస్తుంది. కళ్ల చుట్టూ, ముందు కాళ్ల మీద ఒకటి రెండు మచ్చలే ఉంటే చాలావరకు మందు లేకుండానే మానతాయి. ఒళ్లంతా పాకిన కుక్కను ఈతకు వాడకూడదు. పెద్ద వయసులో మొదలైతే లోపల మరో జబ్బో, ఎవరో వాడిన స్టెరాయిడో కారణమవుతుంది.

2013 నుంచి వచ్చిన అఫాక్సోలానర్, ఫ్లూరలానర్, సరోలానర్ మాత్రలు ఈ రెండు జబ్బుల చికిత్సనూ మార్చేశాయి. అంతకుముందు అమిట్రాజ్ స్నానాలు వారాల తరబడి సాగేవి, కంపు కొట్టేవి, కుక్కకు మగత తెచ్చేవి, మధుమేహం ఉన్న యజమానికి కూడా ప్రమాదమే. కొత్త మాత్రలు పిడుదులనూ, ఫ్లీలనూ కూడా చంపుతాయి. మూర్ఛలు వచ్చే కుక్కలకు జాగ్రత్త అవసరమని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది, ఆ చరిత్ర ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

పిడుదుల సంగతి చర్మంతో ఆగదు. మన దగ్గర కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు ఎర్లికియా, బబీసియా జ్వరాలను మోసుకొస్తుంది. ఒక్కో ఆడ పిడుదు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. పాత గోడ పగుళ్లు పూడ్చకుండా కుక్కకు మాత్రమే మందు వేస్తే పిడుదులు మళ్లీ ఎక్కుతూనే ఉంటాయి.

షాపు మందు, ఇంటి మందు

పశువులకు వాడే ఒక శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను కంటి అంచనాతో కుక్కకు ఇవ్వడం ఇక్కడ ఇప్పటికీ జరుగుతుంది. ఆ సీసాలో ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉంటాయి. పది కిలోల కుక్కకు గుండెపురుగు రాకుండా ఇచ్చే మోతాదు 0.06 మిల్లీగ్రాము. గజ్జికి ఇచ్చే మోతాదు అంతకన్నా ఎక్కువ, ఎమ్‌డీఆర్1 జన్యులోపం ఉన్న కోలీ రకాలకు, వాటి సంకరాలకు ఆ మోతాదులో మందు మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. ఈ లోపాన్ని గుర్తించింది 2001లో. మందు చెడ్డది కాదు. ఐవర్‌మెక్టిన్ కనుగొన్నందుకు కాంప్‌బెల్, ఒమురా 2015లో నోబెల్ అందుకున్నారు. చేటు చేసేది బరువు తూచకుండా, జాతి చూడకుండా వేసే సూది.

స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన క్రీములు రెండో ఇబ్బంది. మనుషుల్లోనే ఇవి దేశమంతటా మొండి తామరకు తోడ్పడ్డాయి. 2020లో పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే ఆ మొండి రకాల్లో ఒకటి. 2018లో ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కుక్కకు మరో ఇబ్బంది కూడా ఉంది, పూసిందంతా నాకి మింగుతుంది. జింక్ ఆక్సైడ్ పూత, టీ ట్రీ నూనె అలా లోపలికి పోతే విషమవుతాయి.

ఇంటి వైద్యాలన్నీ పనికిరానివి కావు. కానుగ నూనెలో గంధకం కలిపి పూయడం మన ఊళ్లలో పాత పద్ధతి, మైట్ల మీద గంధకం నిజంగానే పనిచేస్తుంది. వేపాకు కాచిన నీళ్లు పెద్దగా హాని చేయవు, లోతైన చీముకు చాలవు. కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం చర్మాన్ని కాల్చి, నాకినప్పుడు కడుపునూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తాయి. వీటిని పూయడం హింసే.

ఎక్కడ చూపించాలి

సైదాబాద్ నుంచి చాదర్‌ఘాట్ మీదుగా మూసీ దాటితే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. మొండి కేసులను రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు పంపుతారు. 1946లో మొదలైన ఆ కళాశాల ఇప్పుడు పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. గాయపడిన, యజమాని లేని జంతువులకు 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో వైద్యం చేస్తుంది. ప్రైవేటు క్లినిక్‌లో చూపించినా, మందు రాసేది 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కింద నమోదైన డాక్టరేనా అని చూసుకోవాలి. ఆసుపత్రికి వెళ్లే రెండు మూడు రోజుల ముందు నుంచి స్నానం, పూతలు మానేస్తే పరీక్షలో జబ్బు స్పష్టంగా కనిపిస్తుంది. అంతకుముందు వాడిన మందుల చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లాలి.

వీధి కుక్కలు

వానాకాలంలో వీధి కుక్క పుండు మీద ఈగ గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. ఇది చర్మపు ఇన్ఫెక్షన్ కాదు, అత్యవసరం. పురుగులను తీసి, పుండు శుభ్రం చేసి, నొప్పి మందు ఇవ్వాలి. ఇంట్లో టర్పెంటైన్ పోయడం వల్ల చచ్చిన పురుగులు లోపలే మిగిలి, మాంసం కూడా కాలుతుంది.

2001 నిబంధనల స్థానంలో వచ్చిన 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం శస్త్రచికిత్స, రేబిస్ టీకా అయ్యాక కుక్కను పట్టుకొచ్చిన గల్లీలోనే వదలాలి. కాబట్టి గేటు బయట అవే కుక్కలు ఏళ్ల తరబడి ఉంటాయి, ఇంటి కుక్కను నడకకు తీసుకెళ్లినప్పుడల్లా ముక్కు ముక్కు కలుస్తుంది. ఇంటి కుక్కకు పిడుదు, మైటు మాత్ర గడువు తప్పకుండా వేస్తే ఈ కలయిక వల్ల గజ్జి నిలదొక్కుకోవడం అరుదు. గజ్జి పట్టిన వీధి కుక్కకు కూడా డాక్టరును అడిగి, బరువు అంచనా వేసి, మాంసం ముక్కలో మాత్ర పెట్టి తినిపించేవాళ్లు ఉన్నారు. అలా పెట్టేటప్పుడు పక్కనే నిలబడి ఏ ముక్క ఏ కుక్క తిన్నదో చూడాలి. లేదంటే గుంపులో బలమైనది మిగతావాటి మాత్ర కూడా మింగేసి, బొచ్చు ఊడినదాన్ని తరిమేస్తుంది.